దొడ్డి గుమ్మంలోంచి పుట్టిన కథ



పోయిన నెల ఒక ఊళ్ళో పిల్లలతో కథల గురించి మాట్లాడటానికి వెళ్ళాను. డిగ్రీ రెండో ఏడు చదువుతున్న అమ్మాయి, మన పేట పిల్లే, తను రాసిన కథ చదివి వినిపించింది. కథలో ఒక బావి ఉంటుంది. ఊరి బావి. తరతరాలుగా ఆ నీళ్ళు ముట్టనివ్వక గొంతెండి చచ్చిపోయినవాళ్ళంతా ఆ బావి అడుగున బతికే ఉంటారు. ఒక ఎండాకాలం బావి మాట్లాడటం మొదలుపెడుతుంది. చేద వేసిన ప్రతి మనిషినీ 'నువ్వెవరు?' అని అడుగుతుంది. కులం చెప్పినవాళ్ళ చేద ఖాళీగా పైకొస్తుంది. పేరు మాత్రం చెప్పినవాళ్ళకి నీళ్ళొస్తాయి. ఊళ్ళో చాలామందికి పేరొక్కటే చెప్పడం చేతకాదు. దాహంతో ఒక్కొక్కరే రాలిపోతుంటారు. నా వెన్నులో చలి పుట్టింది.

అక్కడ సాహిత్యం పాఠాలు చెప్పే పెద్దాయన ఒకరున్నారు. "బాగానే ఉందమ్మా, కానీ ఈ దయ్యాలూ మాట్లాడే బావులూ నీకెందుకు? నీ అనుభవం రాయి. మీ అమ్మ పడ్డ కష్టం రాయి. మీ బలం అదే కదా" అన్నారు. చెడ్డ మనసుతో అన్లేదు. బయటికొచ్చాక, ముప్పై ఏళ్ళుగా ఉద్యమంలో ఉన్న మన అన్న ఒకాయన కూడా ఆ పిల్లతో ఇదే చెప్పాడు. "జరుగుతున్న నిజాలు రాయడానికే మనకి చేతులు చాలట్లేదు. ఇంక కల్పన దేనికి చెల్లీ?"

ఇద్దరూ ఒకే మాటన్నారు. ఒకరు అవతలి గట్టు మీద నిలబడి, ఒకరు మన గట్టు మీద నిలబడి. ఆ పిల్ల కాగితాలు మడిచి సంచీలో పెట్టేసుకుంది. ఆమెకి ఆ రోజు నేను సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. ఈ వారం రాసేది ఆ జవాబే.

దానికోసం మీకొక మనిషిని పరిచయం చెయ్యాలి. ఆక్టేవియా బట్లర్. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలో పసడేనా అనే ఊళ్ళో 1947 జూన్ 22న పుట్టింది. నల్లజాతి మనిషి. నాన్న బూట్లు పాలిష్ చేసేవాడు, ఈమె చిన్నప్పుడే పోయాడు. అమ్మమ్మ లూసియానాలో చెరుకు తోటల్లో చాకిరీ చేసిన మనిషి. అమ్మని చిన్నతనంలోనే బడి మానిపించి పనిలో పెట్టారు. ఆ అమ్మ పసడేనాలో తెల్లవాళ్ళ ఇళ్ళలో పాచిపని చేసి కూతుర్ని పెంచింది.

ఒక్కోసారి తల్లి కూతుర్ని కూడా పనికి తీసుకెళ్ళేది. అక్కడ ఆ పిల్ల రెండు విషయాలు చూసింది. ఒకటి, అమ్మ ఎప్పుడూ దొడ్డి గుమ్మంలోంచే లోపలికి వెళ్తుంది. రెండు, అమ్మ అక్కడే నిలబడి ఉండగా, అక్కడ మనిషే లేనట్టు ఆ ఇంటివాళ్ళు అమ్మ గురించి మాట్లాడుకుంటారు. అమ్మ విననట్టు ఉంటుంది. విని ఊరుకుంటుంది. ఆ పిల్లకి కోపం వచ్చింది. ఎవరి మీద అనుకున్నారు? తెల్లవాళ్ళ మీద కాదు. అమ్మ మీద. ఎందుకు ఊరుకుంటావని. అమ్మ చేసే పనంటే సిగ్గుపడింది. పెద్దయ్యాక ఈ సంగతి ఆమే దాచుకోకుండా చెప్పింది.

ఇది చదివి మీలో ఎంతమంది ఒక్క క్షణం ఆగారో నాకు తెలుసు. మనలో చాలామందిమి అదే పిల్లలం. మా అమ్మ కూడా దొరసాని ఇంటికి పెరటివైపు నుంచే వెళ్ళేది. గ్లాసు చూరులో దోపి ఉండేది. కాలేజీకొచ్చాక స్నేహితుల ముందు మా అమ్మ ఏం పని చేస్తుందో చెప్పకుండా మాట మార్చిన రోజులు నాకున్నాయి. ఆ సిగ్గు గురించి మనం తక్కువ మాట్లాడతాం. కోపం గురించి బాగా మాట్లాడతాం.

అదే అమ్మ, పని చేసే ఇళ్ళలో పారేసిన పుస్తకాలూ పత్రికలూ ఏరి తెచ్చి కూతురికి ఇచ్చేది. పిల్లకి అక్షరాలు తడబడే ఇబ్బంది ఉండేది, డిస్లెక్సియా. మనిషి పొడుగు, నోట్లో మాట రాదు, బడిలో ఒంటరి. పదేళ్ళకి టైపురైటర్ కావాలని మారాం చేస్తే ఆ తల్లి ఎలాగో కొనిపెట్టింది. పన్నెండేళ్ళకి టీవీలో అంగారకుడి మీద నుంచి ఒక ఆడది దిగొచ్చే చెత్త సినిమా చూసి, ఇంతకన్నా మంచి కథ నేనే రాయగలను అనుకుని మొదలుపెట్టింది. నల్లవాళ్ళు రచయితలు కాలేరని సొంత పిన్నమ్మే చెప్పింది. ఆవిడ శత్రువు కాదు, లోకం చూసిన మనిషి. కూతురి కథలు అచ్చులో చూడాలని తల్లి నెల అద్దెకంటే ఎక్కువ డబ్బు ఒక మోసపు ఏజెంటు చేతిలో పోసింది కూడా. కోచింగ్ సెంటర్లకి పుస్తెలు తాకట్టుపెట్టిన మన అమ్మలు గుర్తుకు రాలేదూ?

తర్వాత గిన్నెలు కడిగింది. గోడౌన్లలో పనిచేసింది. ఫోన్లు చేసి సరుకులు అమ్మింది. చిప్స్ ఫ్యాక్టరీలో మాడినవీ విరిగినవీ ఏరే పని చేసింది. తెల్లారుజామున రెండింటికో మూడింటికో లేచి రాసుకుని పనికెళ్ళేది. 1970లో క్లారియన్ అనే రచయితల శిబిరానికి వెళ్ళాక రెండు కథలు అమ్ముడుపోయాయి. ఆ తర్వాత ఐదేళ్ళు ఒక్కటీ అమ్ముడుపోలేదు. మొదటి నవల 1976లో వచ్చింది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. కాలేజీలో ఆమెతో చదివిన ఒక నల్లజాతి కుర్రాడు ఉండేవాడు. బ్లాక్ పవర్ ఉద్యమం వేడి మీదున్న కాలం. చరిత్ర బాగా చదివినవాడే. మనల్ని ఇన్నాళ్ళు వెనక్కి లాగిన ఈ ముసలాళ్ళందర్నీ చంపెయ్యాలనుంది, కానీ మా అమ్మానాన్నలతోనే మొదలుపెట్టాల్సి వస్తుంది కదా అన్నాడట. బట్లర్‌కి ఆ మాట దిగబడిపోయింది. ఎందుకంటే చిన్నప్పుడు అమ్మని చూసి తను పడ్డ సిగ్గు కూడా అదే. వీడికి తేదీలు తెలుసు, లెక్కలు తెలుసు. కానీ ఆ రోజుల్లో బతికి ఉండటమంటే ఏంటో ఒంటికి తెలియదు. తలొంచిన వాళ్ళమ్మ తలొంచకపోయి ఉంటే, ఈ తలెత్తిన కొడుకు ఉండేవాడే కాదు.

ఈ మాటని వ్యాసంగా రాయొచ్చు. నాలాంటివాళ్ళు అదే చేస్తారు. ఆమె ఏం చేసిందంటే, తన కాలం మనిషిని ఒకరిని పట్టుకెళ్ళి బానిసత్వంలో పడేసింది. 1979లో వచ్చిన 'కిండ్రెడ్' నవల అది. 1976లో లాస్ ఏంజెలెస్‌లో ఉండే డానా అనే నల్లజాతి రచయిత్రికి ఇరవయ్యారో పుట్టినరోజున కళ్ళు తిరుగుతాయి. కళ్ళు తెరిచేసరికి పంతొమ్మిదో శతాబ్దపు మేరీలాండ్. ఏటిలో ఒక తెల్లపిల్లాడు మునిగిపోతుంటాడు. కాపాడుతుంది. ఆ తర్వాత వాడి ప్రాణానికి ముప్పు వచ్చినప్పుడల్లా కాలం ఆమెని లాక్కుపోతుంది. వాడు బానిసల యజమాని కొడుకు. రేపు వాడే యజమాని. వాడే డానాకి పూర్వీకుడు కూడా. వాడు ఆలిస్ అనే నల్లజాతి స్త్రీని చెరబడితేనే డానా వంశం మొదలవుతుంది. అంటే తను పుట్టాలంటే వాణ్ణి బతికించాలి, ఆలిస్‌ని వాడి దగ్గరికి పంపాలి.

రాక్షసులు లేరు, మంత్రగాళ్ళు లేరు. కాలంలో వెనక్కి ఎలా వెళ్తుందో కూడా నవల చెప్పదు. అందుకే దీన్ని సైన్స్ ఫిక్షన్ అనకండి, చీకటి ఫాంటసీ అనండి అని బట్లర్ అనేది. ముందు కథానాయకుడిగా మగవాణ్ణి పెట్టి రాసి చూసిందట. కుదర్లేదు. కళ్ళెత్తి చూసే నల్లజాతి మగవాణ్ణి ఆ రోజుల్లో కొన్ని గంటలు కూడా బతకనివ్వరు. ఆడదైతే ప్రమాదం లేని మనిషని అనుకుంటారు, ఆ అంచనా పొరపాటే అయినా అది బతికే దారి ఇస్తుంది. చివరికి డానా ఇంటికొస్తుంది కానీ ఒక చెయ్యి గోడలో ఉండిపోతుంది. బానిసత్వం ఎవర్నీ నిండు మనిషిగా తిరిగి రానివ్వదు, అందుకే ఆమెని నిండుగా తీసుకురాలేకపోయానని రచయిత్రి చెప్పుకుంది.

ఇక్కడ ఒక విషయం గట్టిగా పట్టుకోండి. నవల కోసం బట్లర్ బస్సెక్కి మేరీలాండ్ వెళ్ళింది. జార్జి వాషింగ్టన్ ఎస్టేటు మౌంట్ వెర్నన్ కూడా చూసింది. అక్కడ గైడులు బానిసలు అనే మాటే వాడలేదట, పనివాళ్ళు అన్నారట. మన ఊళ్ళో పాలేర్లని 'మా ఇంటి మనిషే' అన్నట్టు. తర్వాత లైబ్రరీలో కూర్చుని, బానిసలుగా బతికినవాళ్ళు స్వయంగా చెప్పిన జీవితకథలు చదివింది. చదివి ఒక నిర్ణయానికొచ్చింది. జరిగింది జరిగినట్టు రాస్తే ఎవరూ చదవలేరు, కాబట్టి కడిగి, తగ్గించి రాయాలి.

మళ్ళీ చదవండి. జనం 'అమ్మో, ఎంత చీకటి నవల' అని బెదిరిపోయే ఆ పుస్తకం, నిజాన్ని పలచన చేసి రాసింది. మన ఉద్యమం అన్నకి నా మొదటి జవాబు ఇది. అన్నా, కల్పన అంటే నిజం నుంచి పారిపోవడం అనుకుంటున్నావు. కారంచేడు, చుండూరు, ఖైర్లాంజి నిజనిర్ధారణ నివేదికలు మనం చదివాం. ఎంతమంది చదివారు మనం కాక? చదివినవాళ్ళలో ఎంతమంది పూర్తి చేశారు? నివేదిక కావాలి, కోర్టుకి కావాలి, చరిత్రకి కావాలి. దాన్ని ఏ కథా భర్తీ చెయ్యదు. కానీ నివేదిక చదివేవాడు గట్టు మీద నిలబడి చదువుతాడు. కిండ్రెడ్ చదివేవాడు ఏట్లో పడతాడు.

పెద్దాయనకి నా జవాబు వేరు. 'అనుభవం రాయి' అనే సలహాలో ఒక మెలిక ఉంది. కులం ఉన్నవాళ్ళ పిల్లలు చంద్రమండలం గురించి రాసినా, రాజుల గురించి రాసినా ఎవరూ వాళ్ళ ఇంటి అడ్రసు అడగరు. మన పిల్లలు రాస్తే మాత్రం పుండు చూపించమంటారు. చూపిస్తే, నిజమేనా అని వేలుపెట్టి చూస్తారు. ఆత్మకథ మన సాహిత్యానికి వెన్నెముక, ఆ ఒక్కొక్క పుస్తకం కోసం మనవాళ్ళు ఎంత మూల్యం చెల్లించారో నాకు తెలుసు. నా గొడవ ఆత్మకథతో కాదు. ఆత్మకథే మీ వాటా, ఊహ మా వాటా అనే పంపకంతో. ఊళ్ళో భూమి పంచినట్టే ఇదీ పంచారు.

బట్లర్‌కి కూడా ఈ తంటా తప్పలేదు. 1984లో 'బ్లడ్‌చైల్డ్' అనే కథ రాసింది. వేరే గ్రహం మీద పెద్ద పురుగుల్లాంటి జీవులు మనిషి ఒంట్లో గుడ్లు పెడతాయి. మగపిల్లలు కూడా ఆ గుడ్లు మోస్తారు. హ్యూగో, నెబ్యులా అవార్డులు రెండూ వచ్చాయి. చదివినవాళ్ళు చాలామంది ఇది బానిసత్వం కథే అన్నారు. నల్లజాతి మనిషి ఇంకేం రాస్తుంది అన్నట్టు. కాదు మొర్రో అంది ఆమె. ఇది ప్రేమకథ, మగాడు గర్భం మోసే కథ, పరాయి గ్రహం మీద ఉండనిచ్చినందుకు కట్టే అద్దె కథ అంది. అది పుట్టిన కారణం ఇంకా మామూలుది. పెరూ అడవులకి వెళ్ళాల్సి ఉంది, అక్కడ చర్మం కింద పిల్లలు పెట్టే ఈగ ఉంటుందని చదివి హడలిపోయింది. ఆ భయం వదిలించుకోడానికి రాసింది.

ఆమె ఇంకో కథ 'స్పీచ్ సౌండ్స్'. ఏదో జబ్బుతో మనుషులకి మాట పోతుంది, చదవడం రాయడం పోతుంది. మాట లేని మనుషులు చిన్నదానికే కొట్టుకు చస్తుంటారు. ఇది ఎక్కడిది? క్యాన్సర్‌తో చావుకి దగ్గరైన స్నేహితురాలిని చూడ్డానికి వారం వారం బస్సులో వెళ్ళేది. ఒకరోజు ఆ బస్సులో కళ్ళముందే అర్థంలేని రక్తపు కొట్లాట జరిగింది. మనుషులకి ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం ఎప్పటికైనా వస్తుందా అనుకుంది. అంతే.

ఇందులో మనం నేర్చుకోవాల్సింది ఉంది. బతుకు కథలోకి వస్తుంది, నిజమే. కానీ గొట్టంలో ఇటు పోసిన నీళ్ళు అటు వచ్చినట్టు రాదు. దొడ్డి గుమ్మం ఒక నవల అయింది. ఈగ ఒక కథ అయింది. బస్సు ఒక కథ అయింది. దళిత పిల్లకి ఈగంటే భయపడే హక్కు కూడా ఉండాలి. స్నేహితురాలు పోతే ఏడ్చే హక్కు ఉండాలి. మనకి జరిగే ప్రతిదీ కులం వల్లే జరగదు, మనం రాసే ప్రతి వాక్యం కులం గురించే ఉండక్కర్లేదు. అలా అనడం కూడా కుల నిర్మూలనలో భాగమేనని నా అభిప్రాయం. ఒప్పుకోనివాళ్ళు కామెంట్లలో తిట్టండి, చదువుతాను.

ఇంకొకటి. ఆమె గాయాన్ని గతంలోనే వదిలెయ్యలేదు. వార్తలు చదివేది. జైళ్ళు పెరగడం, డబ్బున్నవాళ్ళు గోడలు కట్టుకోవడం, భూమి వేడెక్కడం, ఇవన్నీ ఇలాగే సాగితే ఏమవుతుందని అడిగింది. 1993లో వచ్చిన 'పారబుల్ ఆఫ్ ద సోవర్' 2024లో మొదలవుతుంది. నీళ్ళు కొనుక్కోవాలి, అప్పుల కింద మనుషులు కంపెనీ ఊళ్ళలో వెట్టి చెయ్యాలి. 1998లో వచ్చిన రెండో భాగంలో, అమెరికాని మళ్ళీ గొప్పదాన్ని చేస్తానంటూ ఒక మతోన్మాది అధ్యక్షుడవుతాడు. ఇప్పుడు అందరూ ఆమెని జోస్యురాలు అంటున్నారు. జోస్యం ఏమీ లేదు. దొడ్డి గుమ్మంలోంచి ఇంట్లోకి వెళ్ళినవాళ్ళకి ఆ ఇంటి వంటగది కంపు ముందే తెలుస్తుంది. ముందు గుమ్మంలో కూర్చున్నవాళ్ళకి అత్తరు వాసనే తెలుస్తుంది.

ఇదంతా అమెరికా కథ కదా, మనకెక్కడిది అంటారేమో. మనకి లేనిదెప్పుడు? జాషువా 1941లో 'గబ్బిలం' రాశాడు. కాళిదాసు యక్షుడికి మేఘం దొరికింది, మన మనిషికి గబ్బిలం దొరికింది. మనిషికి గుడి తలుపు మూశారు, తలకిందులుగా వేలాడే పక్షికాని పక్షిని మాత్రం ఆపలేకపోయారు. దాని చేత శివుడికి కబురు పంపాడు. రాత్రి, గుడి చీకటి, మాట వినే గబ్బిలం. దీన్ని ఫాంటసీ అనకపోతే ఏమంటారు? బళ్ళో పద్యం బట్టీ పట్టించారు కానీ, ఇది ఎంత పెద్ద ఊహో ఎవరూ చెప్పలేదు. అంతకుముందు నుంచే మన చిందు కళాకారులు జాంబపురాణం ఆడుతున్నారు. భూమి పుట్టకముందే పుట్టిన తాత మనకున్నాడని పొలిమేర అవతలి వాడలో నిలబడి చెప్పారు. మెతుకు లేని రాత్రుల్లో సృష్టికే ముందు తమను నిలబెట్టుకున్నారు.

1946లో బాబాసాహెబ్ ఒక నల్లజాతి మేధావికి ఉత్తరం రాశారు, డబ్ల్యూ.ఇ.బి. డుబాయిస్‌కి. నీగ్రోలు ఐక్యరాజ్యసమితికి పెట్టుకుంటున్న వినతిపత్రం ప్రతి కావాలని. ఆ డుబాయిస్ సామాజిక శాస్త్రం రాసినవాడు, లెక్కలతో పోరాడినవాడు. అదే మనిషి 1920లో 'ద కామెట్' అనే కథ కూడా రాశాడు. తోకచుక్క వచ్చి న్యూయార్క్ అంతా చచ్చిపోతుంది. ఒక నల్లజాతి మగవాడు, ఒక ధనిక తెల్లజాతి అమ్మాయి మిగులుతారు. లోకం పోయిన కొన్ని గంటలు వాళ్ళిద్దరూ కేవలం మనుషులు. ఆమె తండ్రి బతికి రాగానే జాతి కూడా బతికొస్తుంది. అంత పెద్ద శాస్త్రవేత్తకి కూడా లెక్కలు చెప్పలేనిది చెప్పడానికి తోకచుక్క కావాల్సొచ్చింది.

మన హైదరాబాద్ యూనివర్సిటీలో చదువుకున్న రోహిత్ వేముల 2016 జనవరిలో మనకి వదిలివెళ్ళిన ఉత్తరంలో ఏమని ఉంది? కార్ల్ సాగన్ లాగా సైన్స్ రచయిత కావాలనుకున్నానని. నక్షత్రాల గురించి. మనం ఆ ఉత్తరంలోంచి అన్యాయాన్ని పట్టుకున్నాం, పట్టుకోవాలి కూడా. ఆ నక్షత్రాలని కూడా పట్టుకున్నామా? అతను రాయాలనుకున్న పుస్తకాలు ఇప్పుడు ఎవరు రాస్తారు?

ఒక హెచ్చరిక చెప్పి ముగిస్తాను. బాధ ఉంటేనే గొప్ప రచన వస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. బట్లర్‌ని బాధ రచయిత్రిని చెయ్యలేదు. టైపురైటర్ చేసింది, లైబ్రరీ కార్డు చేసింది, తల్లి చేసింది, తెల్లారుజాము లేచే మొండితనం చేసింది. డిప్రెషన్ ఆమెకి కథలివ్వలేదు, చివరి ఏళ్ళలో రాయనివ్వకుండా చేసింది కూడా. 2006లో యాభై ఎనిమిదేళ్ళకే పోయింది. ఆమె పుస్తకం న్యూయార్క్ టైమ్స్ బెస్ట్ సెల్లర్ జాబితాకి ఎక్కింది 2020లో. చూసుకోడానికి ఆమె లేదు. కాబట్టి మీలో ఎవరికి మనసు బాలేకపోయినా, అది రచనకి పెట్టుబడి అనుకుని దాచుకోకండి. మనిషితో చెప్పండి. డాక్టరు దగ్గరికి వెళ్ళండి. మనకి బతికున్న రచయితలు కావాలి.

ఆమె కాగితాలన్నీ ఇప్పుడు హంటింగ్టన్ లైబ్రరీలో ఉన్నాయి. రైళ్ళ మీద కోట్లు గడించిన కుటుంబం ఎస్టేటు అది, పసడేనా పక్కనే. ఆ తల్లి దొడ్డి గుమ్మంలోంచి వెళ్ళి నేలలు తుడిచిన ఊరి పక్కనే. ఆ కూతురి చేతిరాత చూడ్డానికి ఇప్పుడు ప్రొఫెసర్లు అనుమతి తీసుకుని లోపలికి వెళ్తున్నారు.

బావి కథ రాసిన చెల్లీ, ఇది నువ్వు చదువుతావని తెలుసు. ఆ కాగితాలు సంచీలోంచి తియ్యి. మీ అమ్మని అడుగు, చిన్నప్పుడు ఏ గుమ్మంలోంచి వెళ్ళేదో, ఏ బావి దగ్గర నిలబడేదో, ఏం మాట విని ఊరుకుందో. విన్నాక అది అలాగే రాయాలనిపిస్తే రాయి. బావి చేత మాట్లాడించాలనిపిస్తే మాట్లాడించు. ఒక్క సలహా. కథలో బావి మీ అమ్మని కూడా 'నువ్వెవరు?' అని అడగాలి కదా. ఆమె ఏం చెబుతుందో నీ కథలో లేదు. నాకు తెలుసుకోవాలనుంది.

జై భీమ్.